భుజాల దగ్గర బిగుతైన ఏప్రన్

"మిషన్ కుట్టడం అదేమన్నా బ్రహ్మవిద్యా? నువ్వేమీ అనుకోకు చెల్లెమ్మా, నీ పొట్ట కొట్టాలని కాదు గానీ, కాలితో తొక్కడం, చేత్తో తిప్పడం, చూపు ముందుకి పెట్టుకోవడం, అంతేగా? ఉద్యోగమంతా నేను చేసిందదేగా! బస్సుకైతే వెనకాల జనం వేలాడతారు, మిషన్‌కైతే వెనకాల గుడ్డ వేలాడుతుంది. తేడా అంతే."

హారన్ బాబాయి మొదలెట్టాడంటే టీ అక్క పొయ్యి సన్నం చేస్తుంది, ఒక్క మాట కూడా పోకూడదని. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, గొంతు ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఆయన కోతలు కొయ్యడం, మేం అడ్డు తగలడం మా టీ కొట్టు దగ్గర రోజూ ఉండేదే. మేమంటే సెలూన్ బావ, పక్క కొట్లో బట్టలు కుట్టే టైలరమ్మ, తాళాలు బాగుచేసే నేను. ఆ పొద్దున మాత్రం ఆయన చాలా రోజుల తర్వాత వచ్చాడు. వాళ్ళావిడకి మెడ దగ్గర ఆపరేషనైంది. లోపలున్న జబ్బు పూర్తిగా పోలేదనీ, మనిషి రోజురోజుకీ తగ్గిపోతోందనీ మా అందరికీ తెలుసు. ఎలా ఉందని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనా ఆ ఊసెత్తకుండా వస్తూనే కుట్టుపని ఎత్తుకున్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు, గొంతు మాత్రం ఎప్పటి గొంతే.

"ఇంతకీ ఏం కుట్టావు బాబాయ్?" అంది టీ అక్క.

"ఏప్రన్. మీ పిన్నికి. అల్లాటప్పా ఏప్రన్ కాదు, లినెన్ గుడ్డతో, వీపు మీద పట్టీలు రెండూ ఇంటూ గుర్తులా పడతాయి చూడు, ఆ రకం. మెడకి తాడుండదు, నడుముకి ముడి ఉండదు, తల దూర్చి వదిలేస్తే బరువంతా పోయి భుజాల మీద కూర్చుంటుంది. మీ పిన్ని మెడ మీద ఇప్పుడు దారప్పోగు పడ్డా ఓర్చుకోలేదు. పాత ఏప్రన్ తాడేమో సరిగ్గా ఆపరేషన్ చేసిన చోటే ఒరుసుకునేది. పోనీ మానెయ్యవే అంటే వింటుందా? ఇన్నేళ్ళు క్యాంటీన్ వంటింట్లో నిలబడ్డ మనిషి. ఏప్రన్ లేకుండా పొయ్యి దగ్గరికెళ్తే ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుందంటుంది. అది కట్టుకుంటే వంటమనిషినండీ, విప్పితే రోగినండీ అంది. ఇంత మాటన్నాక మొగుడన్నవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడా? గుడ్డ కొన్నాను, కాగితం మీద గీశాను, కోశాను, కుట్టాను."

"అంతేనా?" అన్నాడు సెలూన్ బావ, ఆశ చచ్చినట్టు.

"అంతేనా అంటావేంట్రా! గుడ్డ కొయ్యడమంటే నువ్వు జుట్టు కోసినట్టనుకున్నావా, తప్పు కోసినా నెల తిరిగేసరికి మొలవడానికి? కత్తెర పెట్టేముందు నా చేతులు వణికాయి. కొండదారిలో బ్రేకులు ఫెయిలైనప్పుడు కూడా వణకని చేతులు! సరే, కోశాను. ఇక పట్టీ. పట్టీ అంటే గుడ్డని తిరగేసి గొట్టంలా కుట్టి, పుల్ల పెట్టి లోపలిది బయటికి లాగాలి, అవునా చెల్లెమ్మా? లాగడానికి కూర్చున్నాను. లాగుతున్నాను, వస్తోంది, ఇంకా లాగుతున్నాను, ఇంకా వస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టీ కిటికీలోంచి బయటికెళ్ళి వీధి మలుపు తిరిగింది. నేనిక్కడ లాగుతూనే ఉన్నాను, అక్కడ ఎవరో దాని మీద దుప్పట్లు ఆరేసుకుంటున్నారు."

"మూర గుడ్డలోంచి అంత పట్టీ ఎలా వచ్చింది అన్నయ్యా?" అంది టైలరమ్మ.

"నువ్వు లాగడం మధ్యలో ఆపేస్తావు గనక నీకు రాదు. ఓపికుండాలి."

మాకు నవ్వొచ్చింది. మాకంటే ముందు ఆయనే నవ్వాడు. టీ ఇంకా ముట్టుకోలేదు.

"ఇక రెండో పట్టీ అతికేటప్పుడు ఒక చిన్న పొరపాటు జరిగింది. నా చొక్కా చెయ్యి కూడా కలిపి కుట్టేశాను. కొత్తగా కుట్టేవాడికి అది మామూలేగా?"

"మామూలే. నేను మొదట్లో కప్పుకున్న దుప్పటి కలిపి కుట్టేశాను."

"విన్నారా? ఆవిడే ఒప్పుకుంది. సరే, లేవబోయాను. లేస్తే మిషన్ నాతోపాటే లేచింది. కాలేమో తొక్కుడుపలక మీదే ఉండిపోయింది, ఉద్యోగం అలవాటు, నాకు కాలి కింద ఏదున్నా తొక్కడమే తెలుసు. గడప దాటింది, మెట్లు దిగింది, రోడ్డెక్కింది. టాప్ గేర్! బస్టాపులో ఎవరో పెద్దాయన చెయ్యెత్తాడు. ఆపకుండా పోవడానికి నాకు మనసొప్పుతుందా? ఆపి ఎక్కించుకున్నాను."

"మిషన్ మీద ఎక్కడ కూర్చోబెట్టావు బాబాయ్?" అన్నాను నేను.

"పక్క సొరుగులో. సన్నటి మనిషిలే. చిల్లర లేదన్నాడు, పోనీలే అన్నాను. అసలు సంగతి అది కాదు. నేను పోతున్నానా, సూది మాత్రం ఆగదే! గుడ్డ అయిపోయింది, అయినా ఆగదు. కింద తారురోడ్డునే కుట్టుకుంటూ పోతోంది. రోడ్డు మధ్యలో తెల్లగీతలుంటాయి చూడండి, ఒక గీత, కాస్త ఖాళీ, మళ్ళీ ఒక గీత. అవి పెయింటనుకుంటున్నారా మీరంతా? నా కుట్లు!"

టీ అక్క చేతిలో వడపోసే గుడ్డ అలాగే పట్టుకుని వంగి వంగి నవ్వింది. సెలూన్ బావ లేచి రోడ్డువైపు తొంగిచూశాడు.

"మా కొట్టు ముందు గీత వంకరపోయింది బాబాయ్."

"అక్కడ కుక్క అడ్డొచ్చింది."

ఇన్నాళ్ళూ ఆయన రాకపోతే మా టీ చప్పబడిపోయింది. ఆయనింట్లో కష్టం తలుచుకుని మేం గొంతులు తగ్గించుకుని మాట్లాడుకునేవాళ్ళం. అలాంటిది ఆయనే వచ్చి ఇలా నవ్విస్తుంటే మాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నాం.

"చెప్తున్నాగా! ఏప్రన్ తయారైంది, మీ పిన్నికి తొడిగాను. ఒక పట్టీ మెలికపడింది, జేబు ఒక పక్కకి వాలింది. అయినా విప్పలేదు. మెడ మీద ఏమీ లేదు కదా, తలకాయ అటు తిప్పింది, ఇటు తిప్పింది, హాయిగా ఉందండీ అంది. అనేసి గరిటె జేబులో పెట్టుకుంది. అంతే, గరిటె మాయం. చెయ్యి పెట్టింది, మోచెయ్యి దాకా పోయింది. నేను పెట్టాను, భుజం దాకా పోయింది. ఇదేదో నేను చూస్తానుండు తాతయ్యా అని మా మనవరాలు జేబులోకి దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడో కిందనించి కేకేసింది, తాతయ్యా, ఇక్కడ నీ పాత బస్సుందీ అని!"

"స్టార్టయిందా?"

"ఎక్కడ! బ్యాటరీ డౌన్."

"గరిటె దొరికిందా మరి?" అంది టీ అక్క.

"కండక్టర్ సీట్లో ఉంది. సరే, అది పోనివ్వండి. మీ పిన్ని బట్టలన్నీ మరిగే నీళ్ళలో వేసి ఉతకాలని డాక్టరు గట్టిగా చెప్పాడు, ఆవిడకి ఏ చిన్న క్రిమి సోకినా తట్టుకోలేదట. అందుకని ఏప్రన్ కూడా బాగా మరిగించి, ఉతికి, ఎర్రటి ఎండలో దండెం మీద ఆరేశాను. గాలొచ్చింది. లినెన్ కదా, గాలి పట్టిందంటే వదలదు. దండెం గుంజింది, దండెం కట్టిన మేకు గుంజింది, మేకు కొట్టిన గోడ గుంజింది. ఇల్లు ఇల్లంతా గిర్రున పక్కకి తిరిగింది! కావాలంటే వచ్చి చూసుకోండి, ఇదివరకు మా పడగ్గదిలో పడే పొద్దుటెండ ఇప్పుడు వంటింట్లో పడుతోంది."

"ఇంటి నంబరు మారిందా బాబాయ్?" అన్నాడు సెలూన్ బావ. "వీధి మారలేదుగా?"

ఆయన ఈసారి నవ్వలేదు. టీ గ్లాసు పక్కకి జరిపి బల్ల మీదికి వంగాడు.

"ఇవన్నీ ఒకెత్తు. అసలు మాట ఇప్పుడు చెప్తాను వినండి." గొంతు తగ్గించాడు. హారన్ బాబాయి గొంతు తగ్గించగా మేమెప్పుడూ వినలేదు. "నిన్న పొద్దున మీ పిన్ని ఆ ఏప్రన్ తొడుక్కుంటోంది, ఎక్కట్లేదు. నేను సాయం పట్టాను, అయినా భుజాల దగ్గర పట్టేసింది. మొదటిసారి తొడిగినప్పుడు వీపు వెనక రెండు అంచులూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి. నిన్న చూస్తే మధ్యలో బెత్తెడు ఖాళీ. కొలత పెట్టింది నేను, కోసింది నేను, నాకు తెలీదా? దీనర్థమేంటి? మీ పిన్ని ఒళ్ళు చేసింది!"

ఆయన ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాడు.

"నిజంగా. ఇది కోత కాదు. పోయిన వారం కూడా డాక్టరు ఆవిణ్ణి తూకం ఎక్కించి, తగ్గిందండీ అని తల అడ్డంగా ఊపాడు. ఆయన తూకం ఆయన్నే ఉంచుకోమను. మీ పిన్ని తనే చెప్పింది నాకు. భుజాలు తడుముకుని, బిగుతైందండీ, ఒళ్ళొచ్చినట్టుంది కదూ అంది. నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ముద్ద నోట్లో పెట్టుకోమంటే ఏడ్చే మనిషి, మధ్యాహ్నం తనంతట తను భోజనం అడిగింది. మారు వడ్డించమంది. రాత్రికి ఏం వండుదామండీ అని నన్నే అడిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. తిన్నది తిన్నట్టు కడుపులో నిలిచింది. నేను వాకిట్లోకొచ్చి కాసేపు కూర్చున్నాను."

టీ అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు కూడా ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ రోజూ ఆయన గాలి కొట్టడం, మేం తియ్యడం అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది.

"అన్నయ్యా," అంది టైలరమ్మ, కనుబొమలు ముడిచి. "బిగుతైంది ఉతికాకేనా?"

"ఉతికాకే. మరిగించి ఉతికాకే."

"కొయ్యకముందు గుడ్డని ఒకసారి తడిపి ఆరేశావా?"

"కొత్త గుడ్డని తడపడమేమిటి చెల్లెమ్మా? మరకేమన్నా ఉందా?"

టైలరమ్మ తొడ మీద చరుచుకుని నవ్వింది. "దొరికావు అన్నయ్యా! కుట్టు మొదలెట్టిన ప్రతివాళ్ళూ చేసే తప్పే ఇది. లినెన్‌ని తడపకుండా కోస్తే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. పైగా మరిగే నీళ్ళంటివి! గుడ్డ కుంచించుకుపోయిందయ్యా మహానుభావా, వదిన ఒళ్ళు చెయ్య..."

అంతవరకూ వచ్చాక ఆవిడకి తను ఏమంటోందో తెలిసొచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సెలూన్ బావ అప్పటికే నవ్వడం మొదలెట్టాడు. కాసేపు ఆ నవ్వు ఒక్కటే వినిపించి, అదీ ఆగిపోయింది.

హారన్ బాబాయి అర్థంకానట్టు ఆవిడ వైపే చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ చివర్లలో సూది దిగిన గుర్తులు ఇంకా మానలేదు.

"గుడ్డ అమ్మినతనన్నా తడపమని చెప్పలేదా అన్నయ్యా?" అంది టైలరమ్మ. తప్పు ఎవరో ఒకరి నెత్తిన వెయ్యాలని ఆవిడ ఆరాటం.

"చెప్పాడేమో. నేను మాట్లాడుతున్నానుగా."

డాక్టరు తూకమే నిజమని ఆయన ముఖం మీద అనకుండా ఇంకేం అనగలం? టీ అక్క చల్లారిన గ్లాసు తీసి వేడిది పెట్టింది. ఆయన అది కూడా చూడలేదు.

"చెల్లెమ్మా, ఇంకోసారి మరిగించి ఉతికితే ఇంకాస్త ముడుచుకుంటుందా?"

"లేదన్నయ్యా. ముడుచుకునేదంతా మొదటిసారే. ఇక అంతగా ఏమీ ముడుచుకోదు."

"మరెలా?" అన్నాడు. ఆ గొంతు నేను గుర్తుపట్టలేనంత సన్నగా ఉంది. "ఆవిడ ఇంకా తగ్గుతుంది కదా. వచ్చే వారానికల్లా అది మళ్ళీ వదులైపోతుంది. తొడుక్కోగానే తెలిసిపోతుంది. తెలిస్తే ఇక తినదు."

ఆయన నోటితో ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆవిడ ఇంకా తగ్గుతుందని ఆయనకి మొదట్నించీ తెలుసన్నమాట. సెలూన్ బావ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

టైలరమ్మ ఏడుస్తోంది. "ఏప్రన్ నాకు తెచ్చివ్వు అన్నయ్యా. వదిన నిద్రపోతున్నప్పుడు తీసుకురా. పట్టీలు లోపలికి మడిచి వారం వారం కాస్త కాస్త బిగించి ఇస్తాను. కంటికి కనపడకుండా కుడతాను. ఎన్ని వారాలైనా సరే."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కుట్టకు చెల్లెమ్మా. నీ కుట్టు తిన్నగా ఉంటుంది, చూడగానే పట్టేస్తుంది. నాకు నేర్పు. నా వంకర కుట్టయితే పాతదే అనుకుంటుంది."

టైలరమ్మ కొట్లోకెళ్ళి ఒక గుడ్డముక్క, సూది, దారం తెచ్చింది. మడత ఎక్కడ పట్టుకోవాలో, దారం లోపలివైపు ఎలా దాచాలో ఆవిడ చెబుతుంటే, హారన్ బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా విన్నాడు.