గేదెల దారి

నరసాపురానికి దిగువన, సముద్రపు పోటు వచ్చిపోయే బురద పర్రలో, తాను ముచ్చటపడి వేయించుకున్న కంచె లోపలే తొడల దాకా కూరుకుపోయాడు కాలేజీ లెక్చరర్ సత్యప్రసాద్. కంచె ఇవతల, గేదెలు కాసుకునే అచ్చాయమ్మ నిలబడి ఉంది.

“కదలకండి మేష్టారూ. కదిలినకొద్దీ దిగిపోతారు.”

“కదలట్లేదండి. ఎవరినైనా కేకేయండి.”

“ఎవరున్నారిక్కడ? నేనూ, మా గేదె లచ్చీ. ఊరు రెండు మైళ్ళు.”

“పోటు ఎన్నింటికండి?”

“మొదలైపోయిందండి. మీ వెనకాల కాలవ చూడండి.”

“ఈ దారి గట్టిగా ఉండేదండీ. మూడేళ్ళు దీనిమీదే నడిచాను.”

“అది గేదెల దారండి. అవి తొక్కి తొక్కి గట్టిపడింది. కిందటి నెల దాన్ని కూడా కంచెలో కలిపేసుకున్నారు కదా.”

“కలిపాను.”

“నేను వద్దన్నాను.”

“అన్నారు. నేనే వినలేదు.”

“ఇంతకీ ఇవాళ లోపలికెందుకు దిగారు?”

“ఊరికే... ఒకసారి చూద్దామని.”

“గేదెలు రాకపోతే మడ మొక్కలు గుబురుగా లేస్తాయన్నారు. లేచాయా?”

“ఇప్పుడా అండి అవన్నీ?”

“మాట్లాడిస్తున్నానండి. కంగారుపడితే ఇంకా దిగుతారు. లేచాయా?”

“మొదటేడు లేచాయి.”

“తర్వాత?”

“గడ్డి పెరిగిపోయింది. రొయ్యల చెరువుల నీళ్ళొచ్చి అందులో నిలబడిపోయాయి. ఆ నీళ్ళ నిండా మేత, ఎరువు. పాచి కట్టేసింది. దాని కింద మొక్కలు కుళ్ళిపోయాయి.”

“మా గేదెలు చిగుళ్ళు కొరుకుతాయి, కాదన్లేదు. ఆ గడ్డి మేసేదీ అవే కదండి.”

“అవునండి.”

“ఇదే రాస్తారా ఫారెస్టోళ్ళకిచ్చే రిపోర్టులో?”

“నీళ్ళు నడుం దాకా వచ్చేశాయండి.”

“అడిగింది చెప్పండి. గేదెలు వద్దని మీరు రాస్తే మమ్మల్ని పర్రలో అడుగు పెట్టనివ్వరంట. మా ఇల్లు ఈ పాలమీదే నడుస్తోంది.”

“చూసిందే రాస్తానండి. ముందు లాగండి బయటికి.”

“ఉండండి, తీగలు విప్పుతున్నాను... బిగించి కట్టారు, చెయ్యి కోసేస్తోంది. ఆఁ. పదవే లచ్చీ, పద.”

“పొడుస్తుందా అండి?”

“పొడవదు. ఏరు దాటాలంటే మేం దీని తోక పుచ్చుకునే దాటుతాం. రెండు చేతుల్తో పట్టుకోండి. బోర్లా వాలిపోండి. మీరు గుంజకండి, అదే గుంజుతుంది.”

“చెప్పు పోయిందండి.”

“పోనివ్వండి.”

“వస్తున్నాను... కాలు వచ్చేసిందండి.”

“మూడేళ్ళు కర్ర పుచ్చుకుని తరిమారు దీన్ని. మనసులో పెట్టుకోలేదు చూడండి.”

“అచ్చాయమ్మగారూ.”

“చెప్పండి.”

“మొదటేటి లెక్కలే వేసి, గేదెలు వద్దని రాసేశానండి. నిన్ననే పంపేశాను.”

“ఆగకే లచ్చీ, పద.”

“అచ్చాయమ్మగారూ? వింటున్నారా?”

“తోక వదలకండి. గట్టి నేల ఇంకా రాలేదు.”