గట్టిగ అను

గంగారం దాటాక అడవి అంచున ఒక మిరపచేను, చేనులో మట్టిగోడల కావలి గది. జనవరి ఉదయం, తెలంగాణ బందు రోజులు. జనగామ కాలేజీ స్నేహితులు ముగ్గురు నిన్న రెండు మోటార్‌సైకిళ్ల మీద ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు అకీల్ గదిలో ఉన్నాడు. బయట గొళ్లెం పెట్టి ఒవైస్, ప్రేమ్‌సింగ్ నిలబడ్డారు.

"ఒవైస్ భాయ్, గొళ్లెం తియ్యి. పరాచకాలు సాలు."

"పరాచకం ఎవడు చేస్తుండురా అకీల్? జై తెలంగాణ అను, తీస్త. రెండు మాటలు. నాలుక అరిగిపోతదా?"

"ఎన్నిమార్లు అనలే భాయ్, నీ ఎన్కనే నిలవడి? జనగామ చౌరస్తల రాస్తారోకోల నేను లేనా? లాఠీ దెబ్బ నా ఈపు మీద ఇంక ఉన్నది."

"అది డిసెంబర్ ముచ్చట. మొన్న కాలేజంత పరీక్ష బంద్ పెడితె, గోడ దుంకి పోయి రాసినోడెవడు? ప్రేమూ, నువ్వు చెప్పు. ఎవడు?"

"గీడే, అన్నా."

"మా అమ్మి కుట్టుమిషన్ తొక్కి సదివిస్తుంది నన్ను. ఒక్క ఏడు పోతె ఆమె కండ్లు పోతయ్. నీకు తెల్వదా భాయ్? నీకు సొంత మేనత్త."

"ఫుప్పు పేరెత్తకు. ఆమె కొంగు పట్టుకునే గిట్ల తయారైనవ్. నిన్న గూడూరు దాటినంక మేం సడక్ మీద చెట్టు పడగొడుతుంటె ఏమన్నవ్? మల్ల అను, ప్రేమ్ గూడ వింటడు."

"దవాఖాన బండి వస్తె ఎట్ల పోతదన్న. గంతే గద."

"విన్నవా ప్రేమూ! జనమంత సడక్ మీదికొస్తె నవాబ్ సాబుకు దవాఖాన బండి యాదికొచ్చింది. గొడ్డలి పట్టుమంటె చేతులు కొంకర్లు పోయినయట, చలికి."

"నిజంగనే వణికిండన్నా. మహబూబాబాద్ కాడ చాయ్ తాగంగ గ్లాసు గూడ పట్టరాలే. సగం చాయ్ అంగి మీదనే."

"నవ్వుండ్రి. నవ్వుకుంట తియ్యిండ్రి. ఒక ముచ్చట అడుగుతా భాయ్? చలికాలం అడవి చూపిస్త, కోడి కాల్చుకుందాం అని తీస్కొచ్చినవ్. గిందుకా?"

"గిందుకే."

"కుంపటన్న బయటికి తియ్యి. పొగ నిండుతుంది."

"చలి చలి అని తొవ్వ పొడుగూత ఏడిసినవ్ గద, కాగు. ప్రేమూ, ఎండుమిరపకాయలు ఉన్నయా?"

"కల్లంల కుప్పనే ఉన్నది. ఏంటికన్నా?"

"దోసెడు తే. కిటికీలకెల్లి కుంపట్ల ఎయ్యి. మాట వినని పోరగాండ్లకు మా దాదిమా గిదే మందు పెట్టేది."

"మా తండల గూడ గంతే. బడి ఎగ్గొట్టినందుకు మా యాడి, కన్నతల్లే, నాకు పెట్టింది. పొద్దుమూకెదాక కండ్లు తెరవలే."

"ప్రేమూ, వద్దురా. నాకు దమ్ము బీమారి ఉన్నది. నీకు చెప్పలే. చిన్నప్పటి సంది ఉన్నది, భాయ్‌కి తెలుసు. పొగ పడదు నాకు."

"నిజమేనా అన్నా?"

"నాటకంరా. ఇంట్ల నీళ్లు మొయ్యమంటె దమ్ము లేస్తది. పరీక్షకు గోడ దుంకితె లేవదు. ఎయ్యి."

"మరి ఒకవేళ..."

"ఎయ్యరా. నువ్వు గూడ వాని దిక్కేనా? కాలేజీల చెప్పమంటవా?"

"నేనేం వాని దిక్కు గాదు. ఇగో, ఏస్తున్న. ఏసిన. అబ్బా! బయటికే కొడుతుంది ఘాటు."

"భాయ్... భాయ్... పంపు. నా సంచిల పంపు ఉన్నది, అందియ్యి... గాలి వీల్చేది..."

"సంచిల లేదు. నువ్వు పండుకున్నప్పుడే తీసిన. ఇగో నా చేతిల ఉన్నది, కిటికీ కాడికొచ్చి చూడు. అను, ఇస్త."

"ఇయ్యి భాయ్..."

"అను."

"అన్నా, ఇచ్చెయ్యి అన్నా. వాని పెదవులు నల్లవడుతున్నయ్."

"చలికి నల్లవడ్డయ్. నువ్వు జర ఊకో. ఏంరా అకీల్, అంటవా?"

"జై..."

"జై ఏంది? సగంల ఆపినవేందిరా?"

"జై... తెలం... గాణ..."

"వినవడతలే. గట్టిగ అను. రైలు ఆపినప్పుడు అందరం అన్నట్టు అను."

"అన్నడన్నా! నాకు వినవడ్డది. అన్నడు!"

"నాకు వినవడలే. అకీల్! గట్టిగ!"

"సప్పుడు లేదన్నా."

"మొండోడు. అలిగి కూసున్నడు. కూసోనీ."

"దగ్గుడు గూడ బందయింది. నేను తీస్తున్న."

"ఆగు."

"ఆగ. ఇడువు నా చెయ్యి! ఇడువు అన్నా! అకీలూ... లేరా. అరే, లే. అన్నా, కాళ్లు పట్టు, బయట పండవెడదాం. పంపు ఇయ్యి. నోట్ల కొట్టు!"

"కొడుతున్న గద. పీలుస్తలేడు. పీల్చురా అకీల్. తమాష సాలు, పీల్చు."

"నూటెనిమిదికి ఫోన్ జేద్దాం."

"చేస్తె ఎట్లొస్తది? సడక్ మీద చెట్టున్నది."

"బండి మీద మధ్యల కూసోవెట్టి తీస్కపోదాం. చెట్టు కాడ దించి అవతలికి మోసుకపోదాం. బండి చాలు చెయ్యన్నా, నిలవడ్డవేంది?"

"ప్రేమూ. ముక్కు కాడ చెయ్యి పెట్టి చూడు."

"పెట్టిన."

"ఏమన్న ఉన్నదా?"

"లేదన్నా. ఎదల గూడ లేదు. ఏం లేదు."

"ఏడ్వకు. ఏడ్వకని చెప్పిన గద! నా మాట విను."

"పోలీసులకు చెప్దాం. కావాలని చెయ్యలే, నవ్వులాటకు చేసినం అని చెప్దాం."

"గొళ్లెం పెట్టిందెవలు?"

"నువ్వు పెట్టుమంటేనే గద..."

"పెట్టిందెవలు?"

"నేను."

"మిరపకాయలేసింది?"

"నేనే. అన్నా, నువ్వే గద..."

"చేను ఎవలది? గది ఎవలది? మీ బాపుది. ఇగ పో, పోలీసులకు చెప్పు."

"నేనేడికి పోతలే అన్నా."

"పోతలేవు గద. మరి విను. లోపల మీరు మిరపకు కొట్టే పురుగుమందు డబ్బా ఉన్నది. తీస్కొచ్చి వాని పక్కన పెట్టు. మూత తియ్యి."

"అన్నా!"

"ఎంతమంది పిలగాండ్లు పోతలేరు తెలంగాణ కోసం? ఎట్ల పోయిండ్రని ఎవలన్న అడుగుతుండ్రా? చౌరస్తల పండవెట్టి దండలేస్తరు. కాలేజంత ఎన్క నడుస్తది."

"వాడు పరీక్ష రాసిండు గదన్నా. తెలంగాణ కోసం తాగిండంటె ఎవలు నమ్ముతరు?"

"రాసిండు గాబట్టే నమ్ముతరు. రాసిన సిగ్గుకు తాగిండంటరు."

"నాకు చేతులు ఆడుతలేవు."

"మిరపకాయలేసేటప్పుడు ఆడినయ్ గద. కుంపటి వాగుల పారబొయ్యి. మొకం కడుక్కో."

"వాళ్లమ్మికి ఎవలు చెప్తరన్నా?"

"నేనే చెప్త. మేనల్లున్ని, నేను గాకుంటె ఎవలు చెప్తరు? గట్టు మీద సిగ్నల్ ఒక గీత వస్తది. నువ్వు జర సప్పుడు చెయ్యకు... హలో? ఫుప్పూ? నేను, ఒవైస్‌ను. ఫుప్పూ, మిషన్ ఆపి జర కూసో... మన అకీల్ పురుగుమందు తాగిండు ఫుప్పూ... లేడు. లేడు ఫుప్పూ... పరీక్ష రాసినందుకు నిన్నటి సంది ఒక్కటే కుములుడు. ఎంత చెప్పిన వినలే... ఆ, పక్కనే ఉన్న. పంపు గూడ నా చేతులతోని నోట్ల పెట్టిన... ఏమన్నడా? అల్లా మీద ఒట్టు ఫుప్పూ, నా చెవులతోని విన్న. జై తెలంగాణ అన్నడు. గట్టిగ అన్నడు."