చీరా జాకెట్టూ రూలు

కేంద్రం గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. ఊళ్లో తుప్పు పట్టిన నీళ్ల పైపులు మార్పించాలని, పంచాయతీ ప్రెసిడెంటు రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో మేనకోడలి బల్ల ముందు తిష్ఠ వేశాడు.

"ముప్పావు వంతు కేంద్రం ఇస్తుందే. పావు వంతు మీరు వేస్తామని ఒక్క ముక్క రాసివ్వు."

"కేంద్రం ఇచ్చినట్టు కాగితం తెచ్చావా, మావయ్యా?"

"మీ ముక్క చూపిస్తేనే వాళ్లిచ్చేది!"

"గ్రాంటు గెలిచిన ఊళ్లకే ఇవ్వాలని మా రూలు."

"చీర తెస్తేనే జాకెట్టు గుడ్డంటావు నువ్వు. జాకెట్టు తెస్తేనే చీరంటాడు వాడు. ఊరు మాత్రం గోచీతో నిలబడాలి!"

"నవ్వించకు, పెద్దసారు చూస్తున్నాడు."

"గెలవడానికి సాయం చెయ్యండ్రా అంటే గెలిచి రమ్మంటారేంటే?"

"నేనూ అదే అడిగాను. నిరుడు ఒక్క ఊరికీ మా వాటా డబ్బు అందలేదు."

"అందుకని రూలు మార్చారా?"

"లేదు. ఊళ్లకి అక్కర్లేదేమోనని, డబ్బు సగానికి కోసేశారు."