ఎలుగుబంటి బొమ్మ డబ్బా

ఎవరా? జుమగుల్ అక్క. ఆమె ఉండుంటే ఈ డబ్బా చూసి ఊరుకునేది కాదని ఏదో నోట్లోంచి వచ్చేసింది. నీకు తెలీదులే జిబెక్, నువ్వు ఈ ఇంటికి కోడలిగా రాకముందే పోయింది. కొచ్కోర్ బజారులో మందుల కొట్టు ఆమెదే. ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారే, ఆ గది. కూర్చో. డబ్బా అక్కడ కాదు, రొట్టెల పక్కన వద్దు. పైన, పరుపుల దొంతర మీద పెట్టు, చంటిదానికి అందకుండా. విటమిన్లే అన్నావుగా, విన్నాను. విటమిన్లయినా పైనే పెట్టు. మింగుతాలే, తొందరేముంది. ముందు టీ పొయ్యి. నువ్వే పొయ్యి. అంత నిండా పోస్తావేం, నిండు గిన్నె పంపెయ్యాల్సిన చుట్టానికి కదా, నన్ను లేచి పొమ్మంటున్నావా? సగం చాలు. ఆఁ.

జుమగుల్ అక్క అంటే... ఎలా చెప్పను. పొడుగు మనిషి. చలికాలం దూది కోటు మీద తెల్ల కోటు వేసుకునేది, తలుపంత కనబడేది. మందుల కొట్టుకి అప్పట్లో అడ్డంగా అద్దం, అద్దానికి పిల్లి దూరేంత కంత. ఆ కంతలోకి వంగి మన రోగం చెప్పుకోవాలి, వెనక వరసలో ఉన్నవాళ్ళంతా వినాలి. ఆమె వచ్చిన ఏడాదే ఆ అద్దం పీకించేసింది. "మొహం చూడకుండా మందెలా ఇస్తాను, నేనేమన్నా రైలు టికెట్లు అమ్ముతున్నానా" అంది. సిగ్గుపడే సంగతైతే లోపలికి, పొయ్యి దగ్గరికి పిలిచేది. ఇంకో అలవాటుండేది. మందు ఎలా వాడాలో చెప్పి ఊరుకునేది కాదు. చెయ్యి బిళ్ళల మీదే ఉంచి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేది. మనం అప్పజెప్పాలి. తప్పితే మళ్ళీ మొదటినుంచి. గడ్డాలు నెరిసినవాళ్ళకి ఒళ్ళు మండేది. "నేనేమన్నా బడిపిల్లాడినా?" అనేవాళ్ళు. "బడిపిల్లాడికైతే ఒకసారి చెబితే చాలు తాతా" అనేది.

వేసవిలో మందల్ని తోలుకుని కొండమీది పచ్చికకి పోయేముందు, ఇంటింటి మందుల సంచీ తనకి చూపించాలి. అది ఆమె పెట్టిన పద్ధతి. పైన అడగడానికి ఎవరున్నారు, గుర్రాలు తప్ప. సంచీ బల్లమీద బోర్లించేది. పాతబడినవి ఒక పక్క, రెండు పేర్లతో ఉన్న ఒకే మందు ఇంకో పక్క, ఎవరివో తెలియనివి ఇంకో పక్క. ఒకసారి బైతెమిర్ తాత సంచీలో వాళ్ళావిడ కీళ్ళనొప్పుల సీసా ఖాళీగా దొరికింది. "ఇదేమైంది తాతా?" "గుర్రం కుంటితే దానికి పట్టించా." "తగ్గిందా?" "శుభ్రంగా తగ్గింది." "మరి అవ్వకి?" "కొండెక్కాల్సింది గుర్రం కదమ్మా." కొట్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మనకి పంచకపోతే ముద్ద దిగదు. మాంసం పంచండి, రొట్టె పంచండి. మందు మాత్రం పంచకండి" అంది. ఎవరు విన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను.

ఇంతకీ మా అత్తమ్మ, మీ మామగారి అమ్మ. ఆవిడ పేరు నేను ఇప్పటికీ పలకను, నువ్వు నా పేరు పలకనట్టే. గుండె కొట్టుకోవడంలో ఏదో తేడా వచ్చింది. రక్తం గడ్డకట్టి తలలోకి పోయే ప్రమాదం ఉందన్నాడు డాక్టరు. రక్తం పల్చబడ్డానికి బిళ్ళలు, రోజూ సాయంత్రం ఒకటి. మధ్యమధ్య రక్తపరీక్ష. మంచి డాక్టరే. ఇంటికొచ్చాక మగాళ్ళు కూర్చున్నారు. మా బావగారు, మీ మామగారి అన్న, ఇంటికి పెద్ద. "అమ్మకి చెప్పొద్దు. గుండె అని చెవిన పడితే ఆ రోజే మంచం పడుతుంది" అన్నారు. మనలో అంతేగా. చెడ్డమాట ఎవరు పడితే వాళ్ళు చెప్పరు. చావు కబురైనా పెద్దలు పోగై, మెల్లగా, దారి చేసుకుంటూ చెప్పాలి. రోగమైతే రోగికి అసలే చెప్పం. ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, వాకిట్లో కుక్కకీ తెలుస్తుంది, మంచం మీది మనిషికి తప్ప. నన్ను అడిగారా అంటావా? నేను టీ పోస్తున్నాను.

బావగారు మందులకెళ్ళి, "అక్కా, పేరున్న కాగితం పీకేసి ఇవ్వు, అమ్మకి చదువొచ్చు" అన్నారట. "పేరు లేని బిళ్ళ నా కొట్టు దాటదు" అందట ఆమె. "చెప్పడం, మానడం మీ పెద్దల ఇష్టం తమ్ముడూ. కానీ ఏం మింగుతోందో తెలియని మనిషి దాన్ని దాచుకోదు, జాగ్రత్త పడదు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేనేమన్నాను?" ఈయన అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి, మందు పుచ్చుకుని ఇంటికొచ్చి, తను చేద్దామనుకున్నదే చేశారు. బిష్కెక్ నుంచి ఎప్పుడో తెచ్చిన పిల్లల విటమిన్ల డబ్బా ఖాళీది పడుంది. దానిమీద ఎలుగుబంటి బొమ్మ, తేనెకుండలో చెయ్యి పెట్టి నవ్వుతూ. బిళ్ళలన్నీ అందులో పోసి, "అమ్మా, నీకు బలానికి విటమిన్లు" అని ఇచ్చారు. అత్తమ్మ మురిసిపోయింది. "చూశారా, నా కొడుకు ఈ వయసులో నన్ను పందేనికి మేపుతున్నాడు" అని వచ్చినవాళ్ళకల్లా ఎలుగుబంటిని చూపించింది. పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు చక్కెర చూస్తున్నారని చెప్పేవాళ్ళు.

చలికాలం వచ్చింది. మీ మామగారు మందతో దిగువ పాకల దగ్గరున్నారు. పరీక్షలో రక్తం పల్చబడలేదని తేలింది. డాక్టరు ఏం చేస్తాడు, మోతాదు పెంచాడు. జుమగుల్ అక్క ఆ చీటీ తిప్పి తిప్పి చూసి, "సరిగ్గా మింగుతోందా?" అని అడిగిందట. "నా కళ్ళముందే మింగుతోంది" అన్నారు బావగారు. కళ్ళముందు ఆవిడ అరచేతిలో వేసుకునేది. "టీ చల్లారనీ" అనేది. చల్లారేదాకా ఎవరు కూర్చుంటారు.

అప్పుడే మా బెగిమాయ్, మీ ఆడపడుచు. ఇంకా బడికి పోని పిల్ల. కాళ్ళమీద నీలం మచ్చలు. పిల్లలన్నాక పడతారు. గొర్రెపిల్ల కుమ్మిందంది, నమ్మాను. తర్వాత వీపు మీద. పళ్ళు తోమితే ఎరుపు. ఒకరోజు మధ్యాహ్నం ముక్కులోంచి రక్తం మొదలై ఆగలేదు. దిష్టి అన్నారు, కొమ్మ కాల్చి పొగ వేశారు. నేను పిల్లని శాలువాలో చుట్టుకుని బజారుకి పరిగెత్తాను. దూది కోసం. దూది కోసమే వెళ్ళాను జిబెక్, ఇంక దేనికీ కాదు.

ఆమె దూది ఇచ్చింది, ముక్కు ఎలా పట్టుకోవాలో చూపించింది. అయినా వదల్లేదు, బల్ల దాటి బయటికొచ్చింది. పిల్ల పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. మేజోడు దింపి కాళ్ళు చూసింది. మొహంలో ఏమీ లేదు. "చిట్టీ, ఇంట్లో నీకు అన్నిటికన్నా ఏది ఇష్టం?" అంది. "మీగడ." "మీగడలో ఏం వేసుకుంటావు?" తేనె అంటుందనుకున్నాను. "ఎలుగుబంటి బిళ్ళ" అంది. "ఎవరు పెడతారు?" "నానమ్మ. ఎవరికీ చెప్పకూడదు. బలమొస్తే గుర్రం ఎక్కిస్తుంది." ఆమె నా వైపు తిరిగింది. "ఎలుగుబంటి ఏమిటి?" చెప్పాను. డబ్బా సంగతంతా చెప్పాను. అరవలేదు. తిట్టలేదు. వరసలో ఉన్నవాళ్ళతో "మూసేస్తున్నా, రేపు రండి" అంది. ఎదురుగా గొర్రెలు దింపుతున్నవాడి బండి ఆపి మమ్మల్ని ఎక్కించి, తనూ ఎక్కింది. దారిలో, "ఆస్పత్రిలో ఏం చెబుతావు? ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. నేను పిల్ల ముక్కు పట్టుకుని కూర్చున్నాను. "చెప్పు. నేను గుమ్మం దాకే వస్తానేమో, లోపల చెప్పాల్సింది నువ్వు." చెప్పాను. మందు పేరు, అది ఎవరిదో, పిల్ల ఎప్పట్నుంచి తింటోందో తెలీదని. మళ్ళీ చెప్పించింది. ఆ బండిలో గొర్రెల కంపు. ఇప్పటికీ గొర్రెల బండి పక్కనుంచి పోతే ఆ మందు పేరు నా నోట్లోకి వస్తుంది.

పిల్లకి సూది వేశారు, రక్తం మళ్ళీ గడ్డకట్టడానికి. ఏం మందని అడిగాను. విటమిన్ అన్నారు. నిజంగానే, విటమిన్లలో ఒక రకమట. నాకు నవ్వొచ్చింది. నర్సు నన్ను అదోలా చూసింది. పిల్ల బతికింది. చూస్తూనే ఉన్నావుగా, నారిన్‌లో కాపురం, మొగుడిమీద కేకలు.

అసలు చిక్కు ఆ తర్వాత. అత్తమ్మకి ఎవరు చెబుతారు? "ఇప్పుడు చెబితే రెండు దెబ్బలు. రోగం ఒకటి, పిల్ల సంగతి ఒకటి. చచ్చిపోతుంది" అన్నారు బావగారు. జుమగుల్ అక్క మా గుమ్మంలో నిలబడింది. బూట్లు విప్పలేదు. రొట్టె పళ్ళెం తీసుకెళ్ళాను, ముక్క తుంచలేదు. "చెప్పే హక్కు నీది తమ్ముడూ, నేను లాక్కోను. నువ్వు చెప్పేదాకా ఇక్కడే నిలబడతాను" అంది. వాకిట్లోంచి ఇరుగుపొరుగు చూస్తున్నారు. గుమ్మంలో మనిషి రొట్టె ముట్టకుండా నిలబడితే ఆ ఇంటి పరువు ఏం కావాలి! లోపల్నుంచి అత్తమ్మ కేక, "ఎవరే అది, లోపలికి రాదేం? మా రొట్టెకి ముళ్ళున్నాయా?" అప్పుడు బావగారు లోపలికి పోయి మోకాళ్ళమీద కూర్చున్నారు. చెప్పారు.

అత్తమ్మ ఏడవలేదు. మంచం పట్టలేదు. "పిల్ల ఎలా ఉంది?" అంది. తర్వాత ఆ ఎలుగుబంటి డబ్బాని దగ్గరికి లాక్కుంది. "ముసలిదానికి బలమెందుకు, పెరిగే పిల్లకి కావాలనుకున్నానురా. గుండె మందని చెప్పుంటే పెడుదునా?" అంది. "మీ నాన్నని మట్టిలో పెట్టాను. నీ తోడబుట్టిన ఇద్దర్ని పెట్టాను. ఒక్క మాట వినలేనా నేను?" జుమగుల్ అక్క అప్పుడు బూట్లు విప్పి లోపలికొచ్చింది. రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. పేరున్న పెట్టె తీసి అత్తమ్మ చేతిలో పెట్టి అన్నీ చెప్పింది. ఒకపూట మరిచిపోతే మర్నాడు రెండు మింగకూడదు. నొప్పి బిళ్ళలు దీంతో కలపకూడదు. ఎక్కడైనా రక్తం కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా." అత్తమ్మ చెప్పింది, ఒక్కటి కూడా పొరపాటు లేకుండా. ఆ తర్వాత ఆ బిళ్ళలు తలగుడ్డ కొంగున ముడేసుకుని తిరిగేది. చాలా ఏళ్ళు బతికింది. ఎవరైనా ఎలా ఉన్నావంటే, "గుండె బాగాలేదు, నాకు చెప్పారు" అనేది, అదేదో పతకం వచ్చినట్టు. బెగిమాయ్‌కి మాత్రం మళ్ళీ తన చేత్తో ఏమీ తినిపించలేదు. గిన్నె ముందుకి జరిపేది, అంతే.

జుమగుల్ అక్కా? ఊపిరితిత్తుల జబ్బు. ఆమెకి ఎలా చెప్పాలా అని పెద్దలు పోగవుతుంటే, ఆమే బజారంతా తిరిగి చెప్పేసింది. "వచ్చే వసంతానికి మీ సంచీలు చూసేవాళ్ళని వెతుక్కోండి" అని. వసంతం వచ్చింది. ఆ కొట్టు తలుపుకి తాళం. ముందు జనం సంచీలతో నిలబడ్డారు, కొండకి పోయేముందు అలవాటు కదా. నేనూ నిలబడ్డాను. తర్వాత ఒక్కొక్కరం సంచీలు భుజాన వేసుకుని ఇళ్ళకి పోయాం.

టీ చల్లారింది. ఫరవాలేదు, అలాగే తాగుతాను. మొన్న బిష్కెక్ ఆస్పత్రిలో నీ మొగుడు నన్ను నడవలో కూర్చోబెట్టి డాక్టరు గదిలో ఉండిపోయాడు. బయటికొచ్చి, "అమ్మా, పద, మంతి తిందాం" అన్నాడు నవ్వుతూ. వాడికి చిన్నప్పట్నుంచీ ఆ మాంసం కుడుములు గిట్టవు. పళ్ళెం ఖాళీ చేశాడు. వాణ్ణి ఏమీ అనకు, వాళ్ళ పెద్దనాన్న పోలిక. మంచివాడు. నిన్ను టీ పొయ్యమన్నది దేనికనుకున్నావు, చూడు, ఈ చెయ్యి గిన్నె ఎత్తలేకపోతోంది. నిన్నటినుంచీ ఇంతే.

ఆ డబ్బా దింపు. తే. కాగితం గీకేశారుగానీ జిగురు ఇంకా వేలికి అంటుతోంది. పెద్దలెవరూ అక్కర్లేదు. తలుపు వేసే ఉంది. నువ్వూ నేనూ, నిద్రపోతున్న చంటిదీ. ఇప్పుడు నువ్వు చెప్పు.

ఊఁ.

ఊఁ. ఏడవకు, ఏడిస్తే మాట అర్థం కావడం లేదు. పేరు మెల్లగా, ఇంకోసారి. సరే. రోజుకెన్ని? తిన్నాకా, తినకముందా? వాటితో ఏం కలపకూడదు?

ఆగు. ఇప్పుడు నేను చెబుతాను. తప్పితే ఆపు.