కత్తెరత్తయ్య ఓడిపోయిన ఏడాది

ఏంటే అమ్మడూ, అంత దీక్షగా రాస్తున్నావ్? ఈ ఏడాది ఆడిన ఆటలా? వాటిల్లో నీకు నచ్చినవా? ఏదీ, చూడనీ... నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో, నువ్వే చదువు. ఆఁ... ఆఁ... పదకొండే! ఓరి నాయనో, పదకొండు ఆటలు నేర్చుకునే ఓపిక చదువులో చూపిస్తే మీ అమ్మ ఎగిరి గంతేసేది. నవ్వకు. నేనూ ఆడానే ఓ ఏడాది. పొద్దస్తమానం ఆడాను, వేరే పని లేదు మరి. మూడే ఆటలు. పాములూ నిచ్చెనలూ, దాడి, చదరంగం. దాడి అంటే తెలీదూ? తొమ్మిదేసి గింజలు, మూడు వరసగా పడ్డాయంటే అవతలివాడి గింజ ఒకటి లేపెయ్యాలి. అంతే. ఆడింది మా కత్తెరత్తయ్యతో. మా నాన్న చెల్లెలు. నీకేమవుతుందో అడగకు, వరసలు తేలేసరికి తెల్లారిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. కరెంటు స్తంభాలెక్కే పని. ఓ రోజు తాడు తెగి పైనుంచి పడ్డాను, కుడికాలు రెండు చోట్ల విరిగింది. తొడ దగ్గర్నుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేశారు. మా అమ్మ అప్పటికే లేదు, నాన్న ఉద్యోగం ఎక్కడో దూరాన. అత్తయ్య వచ్చి, "వీణ్ణి నేను తీసుకెళ్తాను, మీరెవరూ మాట్లాడకండి" అని వాళ్ళింటికి పట్టుకెళ్ళిపోయింది. మేడమీద రెండే గదులు, ఓ వంటగది. ఆవిడ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కుట్టేవాళ్ళే గానీ కోసేవాళ్ళు కాదు. నలభై పొరల గుడ్డ బల్ల మీద పరిచి ఒక్కసారే కోస్తారు చూడు, చెయ్యి జారిందా, నలభై చొక్కాలు పీలికలే. అక్కడి సూపర్‌వైజరు ఓసారి ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు, "బాబూ, గుడ్డ తాను విప్పి ముందర పడేస్తే మీ అత్తయ్యగారు అయిదు నిమిషాలు ఊరికే చూస్తుందయ్యా. చూసి, నూట మూడు చొక్కాలొస్తాయి అంటుంది. మేమంతా కాగితాలేసి లెక్కగట్టి వంద కూడా రావు అంటాం. చివరికి నూట మూడే వస్తాయి. గుడ్డలో ఏం కనిపిస్తుందో ఆవిడకి, నాకైతే భయం" అని. నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. ఎందుకంటే... ఆఁ, అసలు సంగతి చెప్పలేదు కదూ.

నేను గోడవైపు తిరిగి పడుకున్నానమ్మా. డాక్టరేమో "ఎముక అతకాలంటే చంకకర్రలు పట్టుకుని లేవాలి, కాలి మీద బరువు పడాలి, లేకపోతే కాలు ఎండిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు" అన్నాడు. నేను లేస్తేగా! నేలమీద పాదం పెట్టాలంటే మళ్ళీ పైనుంచి పడుతున్నట్టే ఉండేది. ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తిన్నానా, లేదా, అంతే. పంతొమ్మిది రోజులు. అత్తయ్య ఒక్క మాటా అనలేదు. ఇరవయ్యో రోజు సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ పాములూ నిచ్చెనల అట్ట ఒకటి తెచ్చి, నా దుప్పటి మీద పరిచి, నా తరఫునా తనే, తన తరఫునా తనే ఆడటం మొదలెట్టింది. "ఇది నాకు, ఆరు! అబ్బ, నిచ్చెన! ఇది నీకురా... అయ్యయ్యో, అయిదు, పాము నోట్లోకెళ్ళావు, నీ ఖర్మ." మళ్ళీ, "నాకు ఆరు! నీకు... అయిదు, మళ్ళీ పామేరా!" ఎంతకని ఊరుకుంటాను? తల తిప్పి చూశాను. పాచిక మీద నాలుగుంది. "అది అయిదు కాదు, నాలుగు!" అని అరిచాను. అదే, పంతొమ్మిది రోజుల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట. "ఓ, నాలుగా, చీకట్లో కనపళ్ళేదు" అంది. కిటికీ తెరిచే ఉంది, ఎండ ఆవిడ ముఖాన కొడుతోంది.

తర్వాత దాడి. తర్వాత, "ఒరేయ్, నీకు చదరంగం వచ్చటగా, నాకూ నేర్పించరాదూ? గుర్రం ఎలా నడుస్తుందిరా?" అంది. నేర్పాను. నేనే! ఎంత విసుక్కున్నాననుకున్నావ్, "అబ్బా అత్తా, ఏనుగు అడ్డంగా నిలువుగానే వెళ్ళాలి, ఎన్నిసార్లు చెప్పాలి" అంటూ. ఓడిపోయేది పాపం. ప్రతిసారీ ఓడిపోయేది. అదీ ఊరికే కాదు, చివరిదాకా నన్ను ముప్పుతిప్పలు పెట్టి, ఇక నా పని అయిపోయిందనుకునేసరికి ఎక్కడో ఒక్క ఎత్తు తప్పేది. "అయ్యో, ఇంకొక్క ఎత్తు ఉంటే నేనే కట్టేసేదాన్నిరా!" అని నెత్తి కొట్టుకునేది. నాకు గర్వం! ఎవరు గెలిచినా పిండికట్టు మీద పెన్సిల్‌తో ఆ ఆట పేరు కింద గీత గీసేవాణ్ణి. ఒకవైపు నావి, ఒకవైపు ఆవిడవి. పొద్దున లేచాక ఇవాళ ఏ ఎత్తు వెయ్యాలా అనే ధ్యాస. ఇంకోటి. మొదట్లో మంచం మీదే ఆడేవాళ్ళం. తర్వాత "దుప్పటి కదిలితే పావులు పడుతున్నాయి" అని మంచం పక్కన ముక్కాలిపీట వేసింది. కొన్నాళ్ళకి "ఇక్కడ వెలుతురు చాల్లేదు" అని కిటికీ వైపుకి. "పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతాయి, అక్కడ ఆడదాం" అని వంటగది గుమ్మంలోకి. ఆట కోసం నేను చంకకర్రలేసుకుని ఈడ్చుకుంటూ వెళ్ళేవాణ్ణి. నడుస్తున్నానని నాకు తోచనే లేదు!

ఆరో నెలలో పిండికట్టు మార్చాలని పక్కింటి కుర్రాళ్ళిద్దరు నన్ను కుర్చీలో మోసుకుంటూ మెట్లు దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాంపౌండరు రంపం పట్టుకుని కొయ్యబోతూ ఆగి, ఆ గీతలన్నీ చదివాడు. నోట్లో పుల్ల పెట్టుకుని, నిదానం మనిషి. "తమ్ముడూ, పాముల ఆటలో నువ్వు ముప్పై ఎనిమిది, అవతల నలభై ఒకటి. బాగుంది. దాడిలో నువ్వు నూట నాలుగు, అవతల సున్నా. చదరంగంలో నువ్వు తొంభై ఒకటి, అవతల సున్నా. ఎవరు ఆ ఆడేది?" అన్నాడు. మా అత్తయ్య, ఆవిడకి సరిగ్గా రాదులెండి, అన్నాను మీసం మెలేస్తూ. ఆయన పుల్ల తీసి, "ఆట రాని మనిషైనా తొంభై ఆటల్లో పొరపాటున ఒకటి గెలుస్తుందయ్యా. పాచిక దగ్గర మనిషి మాట చెల్లదు, అక్కడేమో సగానికి సగం గెలిచింది. మాట చెల్లే చోట ఒక్కటీ గెలవలేదా? మీ అత్తయ్య మామూలు మనిషి కాదు" అని రంపం ఆడించాడు.

నాకు చెంప పగలగొట్టినట్టయింది. రిక్షాలో ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండిపోతోంది. తొంభై ఒక్క గెలుపులూ ఉత్తివేనా, నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించిందా అని. కుర్రాళ్ళు నన్ను మళ్ళీ కుర్చీలోనే మేడ ఎక్కించి వెళ్ళిపోయారు, ఆవిడ ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదు. కోపంతో చంకకర్ర విసిరాను, అది మంచం కిందకి పోయింది. ఎవడు తీస్తాడు, నేనేగా. కొత్త కట్టుతో నేలమీదకి జారి, చెయ్యి చాపి... అప్పుడు చూశానమ్మా. నేలమీద నీలం సుద్ద గుర్తులు. బట్టల మీద గీసుకునే సుద్ద. ముక్కాలిపీటకి మూడు కాళ్ళు కదా, మూడేసి చుక్కలు. మంచం పక్కన మొదటి మూడు. జానెడు అవతల ఇంకో మూడు. ఇంకో జానెడు అవతల ఇంకో మూడు. పక్కన తారీఖులు, చీమ తలంత అక్షరాలు. డేక్కుంటూ వాటి వెంటే వెళ్ళాను. కిటికీ, రెండో గది, వంటగది గుమ్మం. అప్పటికి మా ఆట అక్కడిదాకానే వచ్చింది. గుర్తులు మాత్రం ఆగలేదు. గుమ్మం దాటి, బయటి వసారా దాటి, మెట్ల దాకా ఉన్నాయి. ఇంకా రాని తారీఖులు! వచ్చే నెల, ఆ పై నెల... మెట్టు మెట్టుకీ దిగుతూ, కింద వీధి తలుపు దాకా నీలం చుక్కలే. అక్కడే పై మెట్టు మీద కూర్చుండిపోయాను. నా ఏడాదంతా ఆవిడ గుడ్డ పరిచినట్టు పరిచి గీసేసింది. ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ, చూడు, ఈ చెయ్యి చూడు.

అత్తయ్య వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. సంచిలో బఠానీలు. గుర్తుల వైపోసారి, నా వైపోసారి చూసింది. "అత్తా, ఇవాళ నిజంగా ఆడు" అన్నాను. "నిజంగా ఆడటం లేదూ?" అంది. "ఒట్టు. ఒక్కసారి." సంచి దింపి బోర్డు పెట్టింది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠానీలు ఒలుస్తూ ఆడింది. బోర్డు వైపు చూసిందా అంటే, ఏమో, ఒకట్రెండు సార్లు చూసిందేమో. పద్దెనిమిది ఎత్తులు. పద్దెనిమిదే! నా మంత్రి ఎప్పుడు పోయిందో, రాజు ఎలా మూలకి చేరాడో, తుఫాన్లో పూరిల్లు లేచిపోయినట్టు. బఠానీలు ఇంకా సగం కూడా అవలేదు. "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను. "మా నాన్న నేర్పాడు. మీ నాన్నకీ నేర్పాడు, ఇంతవరకూ నా మీద ఒక్కటి గెలవలేదు. ఆ మాట నీతో ఎందుకంటాడు, పరువు!" అంది. "మరి నా దగ్గర ఎందుకు ఓడిపోయావు?" అంటే, "ఊరికే ఓడితే నీకు విసుగొస్తుంది, మరీ చిత్తుగా ఓడితే అనుమానం వస్తుంది. గెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతావు. ఒక్క ఎత్తుకి ఓడటానికి నా తలప్రాణం తోకకొచ్చింది కదరా, ఫ్యాక్టరీలో కూడా అదే ఆలోచన. పోనీలే, ఇక హాయిగా ఆడొచ్చు. రేపు పీట వసారాలో" అంది. ఆవిడ గీసిన తారీఖుకి నాలుగు రోజులు ముందే వీధి తలుపు దగ్గరికి చేరాను నేను. అదొక్కటే ఆవిడ లెక్క తప్పింది.

ఆఁ, మళ్ళీ ఎక్కాను స్తంభాలు. ఇరవై తొమ్మిదేళ్ళు ఎక్కాను. ఆవిడ మీద గెలిచానా? ఒక్కటీ లేదు. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, ఎప్పుడెళ్ళినా ఆడేవాళ్ళం, పావుగంటలో నా ఆటకట్టు. చివర్లో ఆవిడకి చూపు పోయింది. ఆసుపత్రిలో మంచం పక్కన బోర్డు పెట్టుకుని, ఆవిడ చెబుతుంటే ఆవిడ పావులూ నేనే జరిపేవాణ్ణి. ఓ మధ్యాహ్నం ఆవిడకి మాట కూడా సరిగ్గా రావడం లేదు, ఆయాసం. ఆవిడ ఎత్తులు తడబడుతున్నాయి. నేను గెలిచేట్టున్నాను, జీవితంలో మొదటిసారి. నాకు చెయ్యాడలేదమ్మా. నా ఏనుగుని తీసుకెళ్ళి ఆవిడ గుర్రం ముందు పెట్టి, "అత్తా, ఏనుగు ఇక్కడ పెట్టాను" అన్నాను మామూలుగా. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత కళ్ళు మూసుకునే, "ఎవరికి నేర్పుతున్నావురా... తీసి సరిగ్గా పెట్టు" అంది. తీశాను. సరిగ్గా పెట్టాను. ఆవిడ నవ్వింది. "ఊఁ... ఇప్పుడాడు" అంది. ఆ ఆట పూర్తికాలేదమ్మా.

...

ఆ కిటికీ రెక్క వెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.