ఉల్లిగడ్డల కాడ

రజాకార్ల గోల సద్దుమణిగిన మరుసటేడు, సూర్యాపేట మిషను దవాఖానలో ఆమె ఎడమకంటి కట్టు విప్పారు. కన్నీటి దారి పూడుకుపోతే ముక్కు పక్క ఎముకలోంచి కొత్త దారి తీసిన డాక్టరమ్మ, కంటి మూలలోకి సన్నటి గొట్టంతో ఉప్పునీళ్లు వదిలింది.

"ఏమన్నా తెలుస్తోందా అమ్మా?"

"గొంతులకు ఉప్పగ దిగుతున్నది డాక్టరమ్మా!"

"దారి తెరుచుకున్నట్టే. ఇక ఊరికే నీళ్లు కారవు."

"అయితె వచ్చే నెల మిర్యాలగూడల నా చిన్నబిడ్డ పెండ్లికి పసుపు నేనే దంచుత."

"పెద్దబిడ్డ పెళ్లికి దంచలేదా?"

"దంచనియ్యలే. తడికండ్లతోని పసుపు ముట్టొద్దన్నరు. ఉల్లిగడ్డలు కోసేకాడ కూసోవెట్టిన్రు. గాడైతె కండ్లల్ల నీళ్లేందని ఎవ్వరడగరు గద!"

"ఈసారి కూడా ఎవరైనా ఆపితే?"

"ఈ గాటు సూపెడత. చెంప ముట్టి సూసుకోమంట."

అంటూనే అలవాటుకొద్దీ కొంగు ఎత్తింది. తుడవడానికి చెంప మీద తడి లేదు. కొంగు చేతిలోనే ఆగింది.

"మరి అప్పగింతలప్పుడు ఏడవవా?"

"ఎందుకేడ్వను డాక్టరమ్మా, మస్తు ఏడుస్త! ఇన్నేండ్లు నా కన్ను ఏడ్సింది. గా పొద్దు నేనేడుస్త."