ఎదురుగా నిలబడి చెప్పండి

ఇటు వచ్చి కూర్చోరా, ఈ పక్కకి. అటు కూర్చుంటే నువ్వు గోడతో మాట్లాడినట్టే, నాకు ఆ చెవి ఎప్పుడో పోయింది. ఆఁ, ఇప్పుడు చెప్పు. కార్బురేటరా, ఇంజెక్షనా? ఇంజను మారుస్తున్నావు సరే, మీ నాయనమ్మ కారుకి మారుస్తున్నావు, ఆ మాట ముందు చెప్పవేం. బానెట్ లోపలంతా రంగు కూడా వేయించావా? మెరిసిపోతోందా? పోలికలు ఎక్కడికి పోతాయిలే. ఫోనులో ఎవడెవడినో అడిగే బదులు నన్నడిగావు, సంతోషం. వాళ్ళకి ఇంజన్లు తెలుసేమో గానీ మీ నాయనమ్మ, అదే మా అక్క, తెలీదు. మా అక్కని కాదని ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నావల్ల కాదు.

మీ తాత పోయేనాటికి మీ నాన్న ఇంకా పాకుతున్నాడు. ఆయన బళ్ళు బాగుచేసే షెడ్డుని మా అక్క మూసేస్తుందనుకున్నారంతా. మూయలేదు. ఆయన పక్కన నిలబడి నేర్చుకున్న పని, ఆయన ఖాకీ చొక్కానే తొడుక్కుని దిగింది. ఆడమనిషి చేతికి బండి ఇస్తామా అని మూతి తిప్పినవాళ్ళే తర్వాత పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు పడిగాపులు పడేవాళ్ళు. ఎందుకనుకున్నావు, చెవి. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఇదిగో, ఈ సిలిండర్ అలిగింది" అనేది. విప్పితే అదే ఉండేది. కార్బురేటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది గాలితోపాటు పెట్రోలు పీల్చుకునే గిన్నె, అంతేగా. ఎంత పీల్చాలో స్క్రూ తిప్పి సరిచెయ్యాలి. వెంట్రుకవాసి తిప్పడం, వినడం, మళ్ళీ వెంట్రుకవాసి. తల్లి పసిబిడ్డ ఊపిరి వింటుందే, అలాగ.

ఆ చెవే పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు వీధిలో సైకిలు బెల్లు, తర్వాత పక్క గదిలో మీ నాన్న ఏడుపు. ఎవరికీ చెప్పలేదు. పక్కనే పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. స్క్రూడ్రైవర్ పిడి చెవికి చాలక పళ్ళతో కరిచి పట్టుకునేది. దవడ ఎముకలోంచి వస్తుందట చప్పుడు. కొన్నాళ్ళు అదీ నడిచింది, తర్వాత అదీ లేదు. ఇక ఆ పెద్దమనిషి ఉన్నాడు, మీ తాతకి అన్న, మా అక్కకి బావగారు. షెడ్డు ఆయన పేరున ఉంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, అనుమానం వచ్చి, పరీక్షగా వెనకనుంచి పిలిచేవాడు. ఆమె పలికేది కాదు. "చూశావుగా అబ్బాయ్, ఒక్క బండి చెడగొట్టిందంటే షెడ్డు టైర్లవాడికి ఇచ్చేస్తా. ఇంట్లో కూర్చుంటే ఆమెకింత అన్నం పెట్టలేమా" అన్నాడు నాతో. అన్నం పెడతాడట. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె ఎవరి అన్నం అడిగింది?

సరిగ్గా అప్పుడు వచ్చాడు పశువుల డాక్టరు. కొండమీద ఊళ్ళన్నీ ఆయనే తిరిగేవాడు. కారు ఇంజను పట్టేసింది, ఇక తిరగదు. ఎక్కడో గుద్దుకున్న కొత్తరకం బండిలోంచి మంచి ఇంజను సంపాదించి తెచ్చాడు. దాంతోపాటు ఇంజెక్షన్ సరంజామా అంతా వచ్చింది. వేడీ గాలీ కొలిచే సెన్సర్లు, జడలాంటి తీగల కట్ట, కొలిచి పెట్రోలు చిమ్మించే పెట్టె. అప్పట్లో మా వీధిలో దాని మొహం చూసినవాడు లేడు. డాక్టరు నవ్వుతూ, "ఇంజెక్షన్లు వెయ్యడానికి నేనున్నాను కదమ్మా, నువ్వు ఆ గొడవంతా పీకేసి నీ కార్బురేటర్ పెట్టెయ్" అన్నాడు. నేనూ అదే అన్నాను. పక్కకి తీసుకెళ్ళి, పెదాలు కనపడేలా నిలబడి, "అక్కా, తెలిసిన పని. నువ్వు స్క్రూ తిప్పు, నేను విని చేత్తో సైగ చేస్తా. ఎవడికీ తెలీదు" అన్నాను. నా మొహంలోకి అలా చూసింది. "రేపు నీకు పెళ్ళవుతుంది, నీ దారిన నువ్వు పోతావు. నా చెవి నీతో పంపించనా?" అంది.

అని ఊరుకుందా, తిన్నగా డాక్టరు ముందుకెళ్ళింది. బావగారు కుర్చీలోనే ఉన్నాడు. "నాకు చెవులు పోయాయండీ. కార్బురేటర్ పెడితే ఊహించి తిప్పాలి, ఊహ మీద మిమ్మల్ని కొండ ఎక్కించలేను. దీనికి తేడా వస్తే ఆ పెట్టె లైటు మిణుకుతో చెబుతుందట. కళ్ళు బాగానే ఉన్నాయి. ఇంజెక్షనే పెడతాను, మీకిష్టమైతేనే బండి వదలండి" అంది. బావగారి మొహం వెలిగిపోయింది, ఆమె నోటితోనే ఒప్పుకుందిగా మరి. డాక్టరు గడ్డం గోక్కుంటూ, "నా దగ్గరికొచ్చే జీవాలు ఎక్కడ నొప్పో నోటితో చెప్పవమ్మా, చూసే కనిపెడతాను. కానియ్" అని తాళాలు చేతిలో పెట్టాడు.

మా అక్కకో అలవాటు ఉండేది. ఇంజను దించే ముందు లోపలంతా కడిగి, రంగు వేసేది. "కొత్త కోడల్ని మసిపట్టిన గదిలోకి తీసుకొస్తామా" అనేది. దీనికీ వేసింది. ట్యాంకులో కొత్త పంపు దింపింది, పెట్రోలు తిరిగి రావడానికి ఇంకో గొట్టం లాగింది, తీగలన్నీ ఒక్కొక్కటే చేత్తో తడుముతూ కలిపింది. తాళం తిప్పి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టింది. పంపు అదురు తెలిసింది. ఇంజను అందుకుంది, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. లైటు మిణుకుమంది. ఎన్ని మిణుకులో లెక్కపెట్టి, దాంతో వచ్చిన కాగితంలో చూస్తే వేడి చెప్పే తీగలో తేడా అంది. ఆ తీగ బాగానే ఉంది. మళ్ళీ తిప్పితే గాలి కొలిచే తీగంది. అదీ బాగానే ఉంది. మూడోసారి ఇంకేదో అంది. బావగారు కుర్చీలో కాలు ఊపుతూ, "చెవిటి మనిషికి పిచ్చి పెట్టె దొరికింది" అన్నాడు. ఆమెకి వినపడలేదు గానీ నేను పానా పట్టుకుని లేచాను. నా మొహం చూసి ఏమన్నాడో ఆమెకి అర్థమైపోయింది. "కూర్చోరా, ఆయన సంగతి తర్వాత. ఇన్ని తీగలూ ఒక్కసారే అబద్ధం చెబుతాయా? వీటన్నిటికీ కలిపి ఉన్నది ఏంటి?" అంది. వెళ్ళి ఎర్తు తీగ పట్టుకుంది. అన్ని తీగలూ చివరికి వచ్చి బండి ఇనుముని తాకేది అక్కడే. ఆ బోల్టు ఎక్కడ బిగించింది? తను ముచ్చటపడి వేసిన రంగు మీద. ఇనుము తగిలితేగా. కార్బురేటర్ బండికి ఆ మాత్రం తేడా చెల్లిపోయేది, దీనికి చెల్లదు. నవ్వింది చూడూ, రంగంతా అంటిన చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. చాకుతో రంగు గోకి, మళ్ళీ బిగించి, తాళం తిప్పింది. లైటు వెలిగి ఆరిపోయింది, ఇక మిణుకుమనలేదు. ఇంజను ఎలా మోగుతోందో చెప్పబోయాను, చెయ్యెత్తి ఆపింది. బానెట్ అంచు మీద వేళ్ళు ఆనించి తనే చూసుకుంది.

కొండెక్కేటప్పుడు తనే నడిపింది. డాక్టరు పక్కన, నేనూ, ఎక్కడ ఆగిపోతుందో చూద్దామని ఎక్కిన బావగారూ వెనక. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పాత కార్బురేటర్ నల్లపొగ కక్కేది, దిగి ఏదో ఒకటి విప్పాల్సిందే. ఇది ఎక్కడా ఆగలేదు. మర్నాడు మా అక్క షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది, 'ఎదురుగా నిలబడి చెప్పండి' అని. మొదట అలా వచ్చి నిలబడింది ఎవరనుకున్నావు? బావగారే. తన బండి తోసుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి, దిక్కులు చూస్తున్నాడు. "మొహం ఇటు తిప్పండి బావగారూ, లేకపోతే నాకు తెలీదు" అంది. తిప్పాడు. తిప్పక చస్తాడా. పోయేదాకా ఆ షెడ్డులోనే చేసిందిరా మా అక్క. ఆ ఖాకీ చొక్కా...

ఏంటీ? తల వంచుకుని గొణక్కు, ఇటు చూసి చెప్పు. సరేలే, లే. బయట వెలుగుండగానే బానెట్ ఎత్తు. ఇంజెక్షనే పెడదాం గానీ, నువ్వు ఆ ఎర్తు తీగ ఎక్కడ బిగించావో ముందు చూపించు.